ఫోన్ మీద వేలితో గీసిన సంతకం జర్మనీలో నిలుస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి ఎగుమతి వ్యాపారం. జర్మనీ కంపెనీ ఒకటి రెండు కంటైనర్ల తేజ కాయకు ఒప్పందం చేసుకుంది. వాళ్లు మెయిల్లో పంపిన లింకు తెరిచి నేను ఫోన్ మీద వేలితో సంతకం గీశాను. వాళ్ల మేనేజరు తన పేరు టైపు చేశాడు. మొదటి కంటైనర్ తీసుకున్నారు, డబ్బు కూడా వచ్చింది. రేటు పడ్డాక రెండోది వద్దంటున్నారు. జర్మనీ చట్టం ప్రకారం ఇది అర్హత గల ఎలక్ట్రానిక్ సంతకం కాదు, కాబట్టి ఒప్పందమే లేదని వాళ్ల లాయరు రాశాడు. ఇంకో సంగతి. అరండల్‌పేటలో నాన్నగారి స్థలం అమ్మడానికి డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు నా పేర జీపీఏ (తన తరఫున నేను వ్యవహరించేందుకు ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇలాగే లింకులో సంతకం చేసి పంపుతానంటున్నాడు. ఈ రెండూ చెల్లుతాయా?

జవాబు: కంటైనర్ విషయంలో మీ పక్షం గట్టిగానే ఉంది. జీపీఏ విషయంలో మాత్రం ఈ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి ఆగమనండి. రెండిటికీ అదే తరహా సంతకం, కానీ ఒక పత్రం మీద నిలుస్తుంది, ఇంకోదాని మీద నిలవదు. దేశాన్ని బట్టి చట్టం మారే మాట నిజమే. దానికన్నా ముందు చూడాల్సింది మీ చేతిలో ఉన్నది ఏ పత్రం అన్నది.

ముందు వాళ్ల లాయరు మాట చూద్దాం. యూరప్‌లో ఎలక్ట్రానిక్ సంతకాలకు ఈఐడాస్ అనే చట్టం 2016 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో సంతకాలకు మూడు అంచెలున్నాయి. పేరు టైపు చేసినా, వేలితో గీసినా అది అడుగు అంచె. పెట్టిన మనిషిని గుర్తుపట్టేలా, తర్వాత పత్రంలో ఒక్క అక్షరం మార్చినా బయటపడేలా ఉంటే రెండో అంచె. గుర్తింపు ఉన్న సంస్థ మనిషిని ఆరా తీసి ఇచ్చిన సర్టిఫికెట్‌తో పెడితే అది పై అంచె, అంటే అర్హత గల సంతకం. చేతి సంతకంతో సమానమని చట్టం చెప్పింది ఈ పై అంచె ఒక్కదానికే. ఆయన పట్టుకున్నది ఆ ముక్కనే. కానీ అదే 25వ అధికరణంలో అంతకు ముందే ఇంకో మాట ఉంది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో గానీ, పై అంచెకు చెందదన్న కారణంతో గానీ ఏ సంతకాన్నీ సాక్ష్యంగా తోసిపుచ్చకూడదు. ఆ మాట ఆయన మీకు రాయలేదు.

జర్మనీలో పై అంచె సంతకం అవసరమయ్యేది, ఫలానా పత్రం రాతపూర్వకంగానే ఉండాలని చట్టం పట్టుబట్టిన చోట. సరుకు అమ్మకానికి ఆ షరతు లేదు, నోటిమాటతోనూ బేరం కుదురుతుంది. మామూలు మనిషి ఒకరి అప్పుకు జామీను ఉంటే మాత్రం కాగితం మీద సిరా సంతకమే కావాలి, అక్కడ పై అంచె ఎలక్ట్రానిక్ సంతకం కూడా పనికిరాదు. మీది మిర్చి బేరం. అయితే ఒకటి చూసుకోండి. ఫలానా తరహా సంతకం ఉంటేనే ఒప్పందం అమల్లోకి వస్తుందని మీ ఒప్పందంలోనే ఎక్కడైనా రాసి ఉంటే లెక్క మారుతుంది. చిన్న అక్షరాలతో సహా చదవండి.

మన చట్టం ఇంకా తేలిక. 1872 నాటి కాంట్రాక్టు చట్టం బేరానికి సంతకమే అడగదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చదువురాని మనిషి పెట్టిన గుర్తును కూడా సంతకం కిందే లెక్కగట్టింది. 2000 నాటి ఐటీ చట్టంలో 10ఏ సెక్షన్, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న కారణంతో మాత్రమే ఒప్పందం చెల్లదనడానికి వీల్లేదంటుంది. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. బాక్సైట్ సరఫరాకు లాంఛనంగా ఒప్పందపత్రం మీద సంతకాలు కాకముందే, మెయిళ్లలో షరతులు ఒప్పుకోవడంతోనే కాంట్రాక్టు ఏర్పడిందని తేల్చింది. మీ చేతిలో సంతకం చేసిన పత్రం ఉంది, పైగా మొదటి కంటైనర్ తీసుకుని డబ్బు కట్టారు. ఒప్పందమే లేకపోతే ఏ ఒప్పందం కింద ఆ డబ్బు పంపారో వాళ్లు చెప్పాలి.

నా అనుభవంలో ఇలాంటి దావాల్లో అసలు కష్టం చెల్లుబాటు దగ్గర రాదు. "ఆ సంతకం నాది కాదు, ఆ పేరు టైపు చేసింది నేను కాదు" అన్నప్పుడు వస్తుంది. మన దేశంలో లైసెన్సున్న సంస్థ ఇచ్చిన డిజిటల్ సంతకానికీ, ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సైన్‌కూ చట్టంలో ప్రత్యేక స్థానం ఉంది. లింకులో వేలితో గీసిన దానికి ఆ స్థానం లేదు కాబట్టి రుజువు భారం మీ మీదే పడుతుంది. జర్మనీ మేనేజరుకు ఆధార్ ఉండదు, ఆ దారి అతనికి ఎలాగూ లేదు.

అందుకే ఇప్పుడే కూడబెట్టుకోండి. సంతకాలు పూర్తయ్యాక ఆ సైటు ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. ఏ మెయిల్ ఐడీకి లింకు వెళ్లింది, ఏ ఐపీ అడ్రసు నుంచి ఎన్ని గంటలకు తెరిచారు, ఎప్పుడు సంతకం చేశారు, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని దించుకోండి. మెయిళ్లు ఒక్కటీ చెరపకండి. సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, బ్యాంకు ఇచ్చిన డబ్బు జమ పత్రం పక్కన పెట్టండి. మా ఆఫీసుకు వచ్చేవాళ్లు చాలామంది ప్రింటు తీసి, దానికి జిరాక్స్ తీసి, నోటరీ ముద్ర కొట్టించి మరీ తెస్తారు. ఎలక్ట్రానిక్ సంతకం బలమంతా ఫైల్లో ఉంటుంది. ప్రింటు తీసిన క్షణంలో అది వట్టి కాగితం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద, ఫైలును కోర్టులో పెట్టేటప్పుడు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి, ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు ఇవ్వాలి. అసలు ఫైలు లేకుండా ఆ లెక్క ఎక్కడినుంచి వస్తుంది?

ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే తగాదాను కోర్టులో కాక మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలనే షరతు, ఉంటే దావా వేయకండి, ముందు అటే వెళ్లాలి. మన ఆర్బిట్రేషన్ చట్టానికి 2015లో వచ్చిన సవరణ తర్వాత ఎలక్ట్రానిక్ ఉత్తరప్రత్యుత్తరాల్లో ఉన్న ఆర్బిట్రేషన్ ఒప్పందం కూడా రాతపూర్వకమే. ఒక దేశంలోని ఆర్బిట్రేషన్ తీర్పును ఇంకో దేశంలో అమలు చేసే 1958 న్యూయార్క్ ఒడంబడికలో ఇండియా, జర్మనీ రెండూ ఉన్నాయి, కాబట్టి ఆర్బిట్రేటర్ తీర్పును అక్కడ అమలు చేయించుకునే దారి ఉంది.

రేపు వేరే దేశాలతో బేరం పెట్టుకున్నా ఉపయోగపడే మాట. అమెరికాలో 2000లో వచ్చిన ఈ-సైన్ చట్టం, బ్రిటన్, సింగపూర్ చట్టాలు సరుకు వ్యాపారానికి ఫలానా సాంకేతిక పద్ధతే కావాలని పట్టుబట్టవు. చైనాలోనూ 2005 ఏప్రిల్ 1 నుంచి ఎలక్ట్రానిక్ సంతకాల చట్టం ఉంది. కాకపోతే తేజ కాయ కొనే చైనా కంపెనీల దగ్గర మనిషి సంతకం కన్నా కంపెనీ ఎర్ర ముద్రకు విలువ ఎక్కువ. ముద్ర లేని పత్రం వస్తే ఒకసారి అడిగి వేయించుకోండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఎగుమతిదారులు కదా, మీకు డిజిటల్ సంతకం టోకెన్ (పెన్ డ్రైవ్ లాంటిది) ఉండే ఉంటుంది. అది ఎక్కడుంది? బ్రాడీపేటలో ఒక ఆడిటర్ దగ్గరికి పనిమీద వెళితే, ఆయన సొరుగు తెరిచారు. రబ్బరు బ్యాండు వేసిన టోకెన్లు, ఒక్కోదానికి చీటీ అంటించి పార్టీ పేరు, కిందే పిన్ నంబరు. చూసి నాకు గుండె ఆగినంత పనైంది. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, టోకెన్‌లో ఉండే మీ సంతకపు రహస్య తాళాన్ని కాపాడుకునే జాగ్రత్త మీదే. అది చేయి జారిందని సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు మీరు తెలియజేసే వరకు బాధ్యత మీ నెత్తినే ఉంటుంది. టోకెన్ ఇంటికి తెచ్చుకుని పిన్ మార్చండి.

ఇక తమ్ముడి జీపీఏ. అమెరికాలో ఏ చట్టం ఉన్నా, స్థలం గుంటూరులో ఉంది, కాబట్టి మన చట్టమే చూస్తారు. ఐటీ చట్టం మొదటి షెడ్యూలులో కొన్ని పత్రాలను పక్కన పెట్టారు. వాటికి ఎలక్ట్రానిక్ సంతకం వర్తించదు. వీలునామా, ట్రస్టు, పవర్ ఆఫ్ అటార్నీ అందులో ఉన్నాయి. 2022 సెప్టెంబరు సవరణలో స్థిరాస్తి అమ్మకం ఒప్పందాన్ని ఆ జాబితా నుంచి తీసేశారు. పవర్ ఆఫ్ అటార్నీలో మాత్రం రిజర్వు బ్యాంకు, సెబీ లాంటి వాటి అదుపులో ఉన్న సంస్థలకు ఇచ్చేవాటికే సడలింపు ఇచ్చారు. తమ్ముడు మీ పేర ఇచ్చేది అందులోకి రాదు. ఆ సవరణ చూపించి ఇక అన్నీ ఫోన్లోనే అయిపోతాయనేవాళ్ల మాట నమ్మకండి. అమ్మకం దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ ముందు ఫొటో, వేలిముద్రలతో రిజిస్టరు కావాల్సిందే.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 2012 నుంచే వీడియోలో నోటరీ చేస్తున్నారు. తమ్ముడికి ఆ ఆలోచన వస్తే వద్దనండి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్, విదేశంలో ఉన్న మనిషి జీపీఏను నోటరీ ముందో, భారత కాన్సులేట్ అధికారి ముందో రాసి ఇచ్చి ధ్రువీకరించాలంటుంది. కాగితం మీద, సిరాతో, మనిషి ఎదురుగా. డల్లాస్ వాళ్లకు హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్ ఉంది. లేదా అక్కడి నోటరీ ముందు సంతకం చేసి టెక్సస్ రాష్ట్రం చేత అపోస్టిల్, అంటే ఆ పత్రం విదేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, వేయించుకోవచ్చు. రెండిటిలో ఏది పెడితే బాగుంటుందో మీరు వెళ్లబోయే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే కనుక్కుని తమ్ముడికి చెప్పండి. స్కాన్ కాపీ కాదు, అసలు పత్రమే కొరియర్‌లో రావాలి. అది దేశంలోకి అందిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. అందుకే వచ్చిన కవరును పారేయకండి, అందిన తేదీ ఉన్న కొరియర్ చీటీతో సహా జీపీఏకి పిన్ను కొట్టి పెట్టుకోండి.