పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఐర్లండ్‌లో మూతపడిన రైలు దారుల పాత ఫొటోలు

గత సంచికలో ఐర్లండ్ పాత రైలు దారుల మీద వచ్చిన వ్యాసం చదివి పలువురు పాఠకులు ప్రశ్నలు పంపారు. 1920 నాటికి ఆ ద్వీపంలో సుమారు 5,600 కిలోమీటర్ల రైలు మార్గాలు ఉండేవి. ఇప్పుడు వాటిలో సగం కూడా మిగల్లేదు. పోయిన దారులను చూడాలంటే ఫొటోలే దిక్కు కాబట్టి, వాటిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీశారన్నది కూడా తెలుసుకుని చూడడం అవసరమని నా అభిప్రాయం. ఒకే తరహా ప్రశ్నలను కలిపి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఐర్లండ్ రైలు ఫొటోలు ఎక్కడ చూసినా 1950ల నాటివే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ప్లాట్‌ఫారాలు ఖాళీగా, గోడలు రంగు వెలిసి ఉంటాయి. ఆ రైళ్ళను జనం నిజంగా వాడేవారా? అంతకు ముందు కాలపు ఫొటోలు ఏమయ్యాయి?

జవాబు: మీరు గమనించినది సరైనదే, కాని దాని నుంచి తీసిన అనుమానాన్ని అంత తొందరగా నిజమనుకోకండి. ఐర్లండ్‌లో మొదటి రైలు 1834 డిసెంబరు 17న డబ్లిన్ నుంచి కింగ్స్‌టౌన్‌కు నడిచింది. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు రైలును రైలుగా ఫొటో తీయాలని అనుకున్నవారు చాలా తక్కువ. పెద్ద కెమెరా, గాజు పలకలు మోసుకుని తిరిగే వృత్తి ఫొటోగ్రాఫరు అమ్ముడుపోయే దృశ్యాలనే తీసేవాడు. డబ్లిన్‌లోని విలియం లారెన్స్ సంస్థ కోసం రాబర్ట్ ఫ్రెంచ్ దేశమంతా తిరిగి వేల సంఖ్యలో గాజు నెగటివ్‌లు తీశాడు. ఆ సంస్థకు చెందిన దాదాపు 40,000 పలకలు నేడు ఐర్లండ్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా డబ్లిన్‌లో జరిగిన 1916 తిరుగుబాటు రోజుల్లో లారెన్స్ దుకాణం లూటీకి గురై తగలబడిపోయినప్పుడు అందులోని మనుషుల ఫొటోల నెగటివ్‌లన్నీ బూడిదయ్యాయి. ఊళ్ళ దృశ్యాల పలకలు వేరే చోట భద్రపరిచి ఉండబట్టి బతికాయి. వాటిలో స్టేషను కనిపించిందంటే అది యాత్రికులు వచ్చే ఊరై ఉంటుంది, లేదా కొండకూ సముద్రానికీ మధ్య దృశ్యంలో భాగంగా పడి ఉంటుంది. కాని అలా పడిన స్టేషనే మనకు విలువైనది. గోడకు ఆనించిన పాల క్యాన్లు, సామాను బండి, కెమెరాను చూసి వరుసగా నిలబడిపోయిన సిబ్బంది, అన్నీ అందులో ఉంటాయి.

1950లలో కెమెరా పట్టుకుని వచ్చినవారు వేరు. వారిలో చాలామంది ఇంగ్లండ్ నుంచి సెలవుల్లో వచ్చిన ఇంజన్ ప్రేమికులు. హెచ్. సి. క్యాసర్లీ వంటి కొందరు అంతకు ముందు నుంచే వస్తూ ఉన్నా, దారులు మూతపడుతున్నాయన్న వార్తలే మిగతావారిలో ఎక్కువమందిని రప్పించాయి. కాబట్టి ఒక దారి బతికిన యాభై, అరవై ఏళ్ళలో చివరి రెండు మూడు వేసవులకే వందల ఫొటోలు మిగిలాయి. పైగా వారు వెతికింది ఇంజన్ను. ఎండ వెనక నుంచి పడేలా నిలబడి, ఇంజను ముందు భాగమూ ఒక పక్కా కనబడేలా తీయడం వారి పద్ధతి, ప్రయాణికులు అడ్డు వస్తే తప్పుకునే దాకా ఆగేవారు. అలాంటి ఫొటోలో ప్లాట్‌ఫారం ఖాళీగా ఉండడాన్ని ఆ దారికి గిరాకీ లేదనడానికి రుజువుగా తీసుకోలేం.

స్లైగో, లీట్రిమ్ అండ్ నార్దర్న్ కౌంటీస్ రైల్వే దీనికి మంచి ఉదాహరణ. ఉత్తర ఐర్లండ్‌లోని ఎన్నిస్కిలెన్ నుంచి స్లైగో వైపు వెళ్ళే ఈ చిన్న కంపెనీ ఇంజన్లకు నంబర్లు ఉండేవి కావు, పేర్లే ఉండేవి. అందుకని ఫొటోగ్రాఫర్లకు అవంటే ప్రాణం. లాఫ్ మెల్విన్, లాఫ్ ఎర్న్ అనే రెండు ఇంజన్లు 1951లో వచ్చాయి. డబ్బు మొత్తం ఒకేసారి చెల్లించే స్తోమత లేక కంపెనీ వాటిని వాయిదాల మీద తీసుకుంది. వాటి ఫొటోలు కోకొల్లలు. ఆ కంపెనీని నిలబెట్టిన పశువుల రవాణా మాత్రం, ఇంజను వెనక వ్యాగన్లలో ఉండి, ఫొటో అంచు దగ్గర తెగిపోతుంది. ఎన్నిస్కిలెన్‌లో కలిసే గ్రేట్ నార్దర్న్ అనే మరో రైలు కంపెనీ దారులను మూసేయాలని ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం నిర్ణయించడంతో ఈ దారికి ఆధారం పోయింది. అన్నీ కలిసి 1957 సెప్టెంబరు 30తో ఆగిపోయాయి. మూసివేతకు అసలు కారణం ఇది. అది ఏ ఫొటోలోనూ కనిపించదు.

ప్రశ్న: నా దగ్గరున్న ఒక ఫొటో వెనక ఏమీ రాసి లేదు. ఇంజను ముందు తలుపు మీద, టెండరు (ఇంజను వెనక ఇంధనమూ నీళ్ళూ మోసే బండి) మీద పెద్ద తెల్లని వృత్తాలు ఉన్నాయి. ఇది ఏ కాలానిదో చెప్పగలరా? ఇలాంటి ఫొటోలకు తేదీ నిర్ణయించే పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు: మీ వర్ణన సరైనదైతే ఆ ఫొటో 1947 ప్రాంతానిది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా బ్రిటన్ నుంచి బొగ్గు సరిగా రాక, రవాణా సంస్థ సీ.ఐ.ఈ. ఆ ఏడాది చాలా ఇంజన్లను చమురుతో నడిచేలా మార్చింది. ఏది చమురు ఇంజనో సిబ్బంది దూరం నుంచే గుర్తుపట్టడానికి ఆ తెల్లని వృత్తాలు వేశారు. 1948లో బొగ్గు సరఫరా మెరుగుపడగానే వాటిని మళ్ళీ బొగ్గుకు మార్చారు. ఇంత ఇరుకైన కాలాన్ని చూపే గుర్తు దొరకడం అరుదు, కాబట్టి ఆ ఫొటోను జాగ్రత్త చేయండి.

మిగతా ఫొటోల విషయంలో అక్షరాలనూ పేర్లనూ చూడాలి. 1925 జనవరి 1న ఐరిష్ ఫ్రీ స్టేట్ (ఉత్తర ఐర్లండ్ పోగా మిగిలిన ఐర్లండ్) పరిధిలో పూర్తిగా ఉన్న కంపెనీలు గ్రేట్ సదర్న్ రైల్వేస్‌లో కలిసిపోయాయి. సరిహద్దు దాటే కంపెనీలు మాత్రం విడిగానే ఉండిపోయాయి. 1945 జనవరి 1న గ్రేట్ సదర్న్ స్థానంలో సీ.ఐ.ఈ. వచ్చింది. టెండరు పక్కన, జనం ‘ఎగిరే నత్త’ అని పిలిచిన చిహ్నం ఉంటే ఆ ఫొటో 1945కు ముందుది కాదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కంపెనీ మారిన మర్నాడే అన్ని బళ్ళకూ కొత్త రంగు వేయరు. అలా కలిసిపోయిన మిడ్‌లాండ్ గ్రేట్ వెస్టర్న్ కంపెనీ అక్షరాలున్న వ్యాగను 1925 తర్వాత కూడా కొన్నేళ్ళు తిరిగి ఉండవచ్చు. కాబట్టి కొత్త గుర్తు కనబడితే ‘ఇంతకు ముందుది కాదు’ అని నిశ్చయంగా చెప్పవచ్చు గాని, పాత గుర్తు కనబడితే ‘ఇంతకు తర్వాతది కాదు’ అని చెప్పలేం.

స్టేషన్ పేర్ల విషయం కొంత సులువు. కింగ్స్‌టౌన్ 1920ల ఆరంభంలో డన్ లేరీ అయింది. క్వీన్స్‌టౌన్ కూడా అదే కాలంలో కోవ్ అయింది. 1916 తిరుగుబాటుకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 1966లో డబ్లిన్ పెద్ద స్టేషన్లకు ఆ తిరుగుబాటులో పాల్గొని కాల్పుల శిక్షకు బలైనవారి పేర్లు పెట్టారు. కింగ్స్‌బ్రిడ్జ్ హ్యూస్టన్‌గా, ఏమియన్స్ స్ట్రీట్ కానలీగా, వెస్ట్‌లాండ్ రో పియర్స్‌గా మారాయి. ఇంజను మీది రాతలు చదవలేనప్పుడు ప్లాట్‌ఫారం మీది పేరు పలకను భూతద్దంతో చూడండి.

ప్రశ్న: ఒక ఫొటోలో పట్టా నేల మీద కాకుండా దూలాల మీద నడుము ఎత్తున ఉంది. ఇంజను దానికి అటూ ఇటూ వేలాడుతున్నట్టుంది, బాయిలర్లు రెండు ఉన్నాయి. ఇది కంప్యూటరుతో కల్పించిన బొమ్మ కాదు కదా?

జవాబు: నూటికి నూరు పాళ్ళు నిజమైనదే. కెర్రీ కౌంటీలో లిస్టోవెల్ నుంచి బాలీబనియన్ దాకా, సుమారు 15 కిలోమీటర్ల దూరం, 1888 నుంచి 1924 దాకా నడిచిన దారి అది. ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ లార్టీగ్ పద్ధతిలో, ఇంగ్లిషు అక్షరం ‘ఎ’ ఆకారపు ఇనుప కాళ్ళ మీద ఒకే పట్టా పరిచారు. బరువు రెండు వైపులా సమానంగా ఉండాలి కాబట్టి ఇంజనుకు రెండు బాయిలర్లు పెట్టారు, వాటిని లీడ్స్‌లోని హన్స్‌లెట్ కంపెనీ తయారు చేసింది. సామానూ జనమూ కూడా అటూ ఇటూ తూకంగా సర్దుకోవలసి వచ్చేది.

ఈ ఫొటోలలో నేను ఎక్కువసేపు చూసేది ఇంజన్ను కాదు, రైలులో ఉన్న మెట్ల బండిని. పట్టా గోడలా అడ్డు ఉంటుంది కాబట్టి ప్రయాణికుడు ఒక పక్క నుంచి మరో పక్కకు వెళ్ళాలంటే ఆ మెట్లు ఎక్కి దిగాలి. రోడ్డు అడ్డం వచ్చిన ప్రతి చోటా పట్టానే ఎత్తడమో పక్కకు తిప్పడమో చేయాలి. ఒక కొత్త ఆలోచన రోజువారీ జీవితంలో ఎన్ని చిక్కులు తెస్తుందో ఆ మెట్ల బండి ఒక్కటే చెబుతుంది. అంతర్యుద్ధ కాలంలో దెబ్బతిన్న ఈ దారి మళ్ళీ కోలుకోలేదు. లిస్టోవెల్‌లో కొద్ది దూరం తిరిగి నిర్మించిన నమూనా 2003 నుంచి నడుస్తోంది.

ప్రశ్న: గోడను బద్దలు కొట్టుకుని వీధి మీదికి వేలాడుతున్న ఇంజను ఫొటో వెనక కథ ఏమిటి?

జవాబు: అది డబ్లిన్‌లోని హార్కోర్ట్ స్ట్రీట్ స్టేషను. ప్లాట్‌ఫారాలు వీధి కంటే బాగా ఎత్తులో ఉండేవి. 1900 ఫిబ్రవరి 14న ఎన్నిస్కార్తీ నుంచి పశువులతో వచ్చిన రైలు ఆగవలసిన చోట ఆగక, చివరి గోడను పగలగొట్టుకుని హ్యాచ్ స్ట్రీట్ మీదికి తొంగిచూసింది. డ్రైవరు ప్రాణాలతో బయటపడ్డాడు గాని ఒక చెయ్యి కోల్పోయాడు. ఫొటోలో గుమిగూడిన జనాన్ని చూడండి. అందరూ ఇంజన్నే చూస్తున్నారు. ఇలాంటి ప్రమాదాల ఫొటోలు నాడు వార్తగానూ, అమ్మకపు వస్తువుగానూ తీసినవి, కాబట్టే స్పష్టంగా, అనేక కోణాల్లో మిగిలాయి. అదే దారిలో రోజూ పట్నానికి వచ్చి వెళ్ళే ఉద్యోగుల ఫొటోలు అంతగా దొరకవు. 1958 చివరి రోజున మూసిన ఆ దారి మీదే 2004 నుంచి లుయాస్ ట్రాములు తిరుగుతున్నాయి.

ప్రశ్న: పట్టాలు కనిపించనంత గడ్డి పెరిగిన రోడ్డు పక్కన రెండు ఇంజన్లు కలిసి రైలును లాగుతున్న ఫొటో చూశాను. ప్రయాణికుల పెట్టెలే లేవు. ఇది ఏ దారి?

జవాబు: ట్రలీ, డింగిల్ మధ్య నడిచిన మూడడుగుల నారోగేజి దారి అయి ఉంటుంది. 1891లో మొదలైన ఈ దారిలో ప్రయాణికుల రైళ్ళు 1939లోనే ఆగిపోయాయి. రోజువారీ సరకు రైలు 1947లో పోయింది. ఆ తర్వాత నెలకు ఒకసారి, డింగిల్ పశువుల సంత కోసం మాత్రమే రైలు నడిచింది, అది కూడా 1953 జూన్‌తో ఆగింది. నెలకొకసారి కదిలే పట్టాల మీద గడ్డి పెరగక ఏమవుతుంది? ఏటవాలు దాదాపు ముప్పైకి ఒకటి (ముప్పై అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు) ఉన్న చోట్ల ఆ గడ్డి మీద చక్రాలు జారేవి, అందుకని బరువైన పశువుల రైలుకు రెండు ఇంజన్లు తగిలించేవారు. రోడ్డు పక్కనే నడవడం వల్ల ఇంజను ముందు పశువులను తప్పించే ఇనుప చట్రం ఉండేది. తొలినాళ్ళ ఫొటోలలోనైతే చక్రాలకు అడ్డంగా రేకులు కూడా కనిపిస్తాయి.

ఈ చివరి సంత రైళ్ళ ఫొటోలు ఐర్లండ్ రైలు ఫొటోలన్నిటిలోనూ గొప్పవని నా అభిప్రాయం. కారణం ఇంజన్లు కావు. పశువులను వ్యాగన్లలోకి ఎక్కించే సందడి, కర్రలు పట్టుకున్న రైతులు, బేరం కుదిరి గుంపులుగా నిలబడిన మనుషులు ఫొటోగ్రాఫర్లు ఎంత తప్పించుకుందామన్నా చట్రంలోకి వచ్చేశారు. ఒక దారి ఎవరి కోసం బతికిందో ఇక్కడ కళ్ళ ముందే ఉంది. ఆ ఇంజన్లలో ఒకటి 1959లో అమెరికాలోని వెర్మాంట్‌కు వెళ్ళి, 1986లో ఐర్లండ్‌కు తిరిగి వచ్చింది.

ప్రశ్న: నలుపు తెలుపు ఫొటోలకు కంప్యూటరుతో రంగులు వేసుకోవచ్చా?

జవాబు: మీ సంతోషానికి వేసుకోండి, కాని అసలు ప్రతిని అలాగే ఉంచండి. గ్రేట్ నార్దర్న్ కంపెనీ 1930లలో తన మేటి ప్రయాణికుల ఇంజన్లకు ఆకాశ నీలం రంగు, కింది చట్రానికి ఎరుపు వేసేది. అదే కాలంలో గ్రేట్ సదర్న్ ఇంజన్లు ఉత్త బూడిద రంగువి. నలుపు తెలుపులో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఆ చరిత్ర తెలియని యంత్రం ఊహతో వేసిన రంగును రేపు ఇంకొకరు ఆధారంగా తీసుకుంటారు.

ప్రశ్న: ఈ ఫొటోలను మా కళాశాల పత్రికలో ముద్రించవచ్చా?

జవాబు: ఐర్లండ్ చట్టం ప్రకారం ఫొటో మీది హక్కు, తీసిన వ్యక్తి మరణించాక 70 ఏళ్ళ దాకా ఉంటుంది. రాబర్ట్ ఫ్రెంచ్ 1917లో మరణించాడు కాబట్టి ఆయన తీసినవాటికి ఆ ఇబ్బంది లేదు, అయినా పలకలను భద్రపరిచిన జాతీయ గ్రంథాలయం పేరు పేర్కొనడం మర్యాద. 1950ల ఫొటోలకు మాత్రం హక్కుదారుల అనుమతి తప్పనిసరిగా తీసుకోండి. ముద్రించేటప్పుడు అంచులు కత్తిరించవద్దని మీ సంపాదకులకు చెప్పండి. ఇంజను మధ్యలో బాగా రావాలని ప్లాట్‌ఫారం కొసను కోసేస్తే పేరు పలక, గడియారం, బెంచీ మీద కూర్చున్న మనిషి అన్నీ పోతాయి. ఫొటో కింద ఊరు, దారి, తెలిసినంత వరకు సంవత్సరం రాయండి, సంవత్సరం ఊహించినదైతే ఆ మాట కూడా పక్కనే రాయండి.