చెప్పులేసుకున్నాకే అసలు రేటు

ప్రశ్న: మాది వనపర్తి. పన్నెండేళ్లుగా ఒకటే డిష్ కంపెనీ. పాత ఎస్‌డీ బాక్స్ తీసుకుని హెచ్‌డీ బాక్స్ ఇవ్వమంటే కొత్త కనెక్షన్ కంటే ఎక్కువ అడుగుతున్నారు. ఇన్నేళ్ల కస్టమర్లమని చెప్పి బేరం ఆడితే తగ్గిస్తారా?

జవాబు: తగ్గిస్తారు. కానీ "ఇన్నేళ్ల కస్టమర్లం" అనే మాట మాత్రం ఎత్తకండి. మీకు అది గొప్పగా అనిపిస్తుంది. అవతలివాడికి దాంట్లో వినిపించేది ఒక్కటే, "పన్నెండేళ్లలో ఎన్ని కంపెనీలు వచ్చినా వీళ్లు కదల్లేదు, ఇప్పుడూ కదలరు" అని.

నాది గద్వాలలో చీరల దుకాణం, మా నాన్న పెట్టింది. బేరం అంటే ఏంటో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. పరుపు మీద కూర్చుని అరలన్నీ దించించి, "మేం ఎప్పుడూ మీ దగ్గరే కదా కొనేది" అనే ఆవిడకు మేం టీ తెప్పిస్తాం, పిల్లల చదువులు అడుగుతాం, రేటు మాత్రం కదలనివ్వం. అదే ఆవిడ లేచి గడప దగ్గర చెప్పులేసుకుందనుకోండి, "అక్కా, జర ఆగుండ్రి" అని మేమే పిలుస్తాం. డిష్ కంపెనీ కూడా అంతే. మీరు చెప్పులేసుకున్నట్టు వాళ్లకు కనపడాలి. నోటితో చెబితే నమ్మరు.

నా సంగతి చెబుతాను. పోయిన వానాకాలంలో కోతుల గుంపు మా మిద్దె మీదికొచ్చి డిష్ పట్టుకుని ఊగింది. మన దిక్కు కోతుల బాధ మీకు చెప్పేదేముంది. చిక్కుడు తీగను వదలవు, నీళ్ల ట్యాంకు మూతను వదలవు, ఇప్పుడు డిష్ మీద పడ్డాయి. మున్సిపాలిటీ వాళ్లను అడిగితే ఫారెస్టు వాళ్లను అడగమంటారు, ఫారెస్టు వాళ్లు మళ్లీ మున్సిపాలిటీ వైపే చూపిస్తారు. సరే, డిష్ బిగించే పిల్లగాడు వచ్చి వైరు మార్చి సిగ్నల్ తెచ్చాడు. కానీ బాక్స్ అప్పటి నుంచి తిక్క పట్టినట్టు చేయడం మొదలుపెట్టింది. సరిగ్గా సీరియల్ మధ్యలో ఆగిపోయి, తనంతట తనే మళ్లీ ఆన్ అయ్యేది. అది లేచేసరికి అత్త తిట్టడమూ కోడలు ఏడవడమూ అయిపోయి ప్రకటనలు వచ్చేవి. మా అమ్మ ఆ కోపమంతా నా మీద చూపించేది, కోతుల్ని నేనే మిద్దె ఎక్కించినట్టు. పైగా మా అబ్బాయి పట్టుబట్టి పెద్ద టీవీ కొనిపించాడు. అంత తెర మీద ఎస్‌డీ బొమ్మ చూస్తే మొహాలన్నీ నీళ్లలో నానినట్టుంటాయి.

కస్టమర్ కేర్‌కి చేశాను. కంపెనీ పేరు రాయను, ఏదైనా ఒకటే. తెలుగుకు ఒకటి నొక్కండి, దానికి రెండు నొక్కండి, మధ్యలో వాళ్ల ప్రకటన. చివరికి ఒకావిడ దొరికింది.

"సార్, మీరు 2011 నుంచి మాతో ఉన్నారు. చాలా సంతోషం సార్."

"సంతోషం సరే మేడమ్, హెచ్‌డీ బాక్స్ ఎంత?"

"అప్‌గ్రేడ్‌కు 1,500 సార్. టెక్నీషియన్ విజిట్ చార్జి వేరే."

"మా బస్టాండ్ దగ్గర మీ బోర్డే ఉంది మేడమ్. బాక్సు, డిష్షు, ఫిట్టింగు, నెల ప్యాకు అన్నీ కలిపి అంతకంటే తక్కువకే అని రాశారు."

"అది కొత్త కస్టమర్లకు సార్."

"మరి నేనెవర్ని?"

"మీరు మా విలువైన కస్టమర్ సార్."

ఆవిడ తప్పేం లేదు. ఆమె ముందున్న కంప్యూటర్‌లో అంతే రాసి ఉంటుంది, రూపాయి తగ్గించే అధికారం ఆమెకు ఉండదు. అందుకే మొదట ఫోన్ ఎత్తినవాళ్లతో బేరం ఆడితే నోటినొప్పి తప్ప ఏమీ రాదు.

ఆ సంగతి నాకు చెప్పింది వైరు మార్చిన పిల్లగాడే. "అన్నా, అకౌంట్ల పైసలున్నయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. ఆరు నెలల ప్యాక్ వేసి ఉంది, ఇంకా కొంత మిగిలింది. "పైసలుండంగ వాళ్లెందుకు తగ్గిస్తరన్నా? ఖతం కానియ్యి. ఊకో. వాళ్లే ఫోన్ జేస్తరు." ఈ పిల్లగాడి మాట ముందు చదువుకున్నవాళ్ల సలహాలన్నీ దండగ.

ఇంకోటి కూడా అతనే చెప్పాడు. కొత్త కనెక్షన్ ఇప్పిస్తే దుకాణం వాడికి నాలుగు రూపాయలు మిగులుతాయి, పాతవాడికి బాక్స్ మారిస్తే పెద్దగా ఏం మిగలదు. అందుకే దుకాణంలో అడిగితే "మీ ఆవిడ పేరు మీద కొత్త ఐడీ తీసుకోండి" అంటారు. అదీ ఒక దారే. తప్పేమీ లేదు. కాకపోతే పాత అకౌంట్లో డబ్బులుంటే అక్కడే చిక్కుకుంటాయి. ముందు అది ఖాళీ చేసుకుని అప్పుడు ఆలోచించండి.

దసరా దాటాక మా బ్యాలెన్స్ అయిపోయింది. టీవీ ఆగిపోయింది. అమ్మ పక్కింటికి పోయి చూసొచ్చేది, అక్కడి ఆవిడ చేసే టీ బాగుండదని వచ్చాక నాకు చెప్పేది. కంపెనీ నుంచి మెసేజీలు మొదలయ్యాయి. మొదట మామూలు గుర్తుచేయడం. తర్వాత "ఈరోజే రీచార్జ్ చేస్తే ఇన్ని రోజులు అదనం". నేను దేనికీ కదల్లేదు. ఆ తర్వాత ఫోన్. ఈసారి చేసినావిడ గొంతే వేరు, నిదానంగా, సమస్య ఏంటని అడిగింది. వెళ్లిపోయేవాళ్లను ఆపడానికే వీళ్లను వేరేగా పెట్టుకుంటారు. అధికారం ఉన్నది ఈ బల్ల దగ్గరే.

ఆవిడ మొదట వారం రోజులు ఫ్రీ అంది. వద్దన్నాను. ప్యాక్‌లో తగ్గింపు అంది. అదీ వద్దన్నాను. నాకు కావలసింది ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాను, అదే చదివాను. హెచ్‌డీ బాక్స్ కావాలి, పాత ఐడీ మీదే కావాలి, విజిట్ చార్జి ఉండకూడదు. ఇవి ఇస్తే ఆరు నెలల ప్యాక్ ఇప్పుడే వేస్తాను. చెప్పేసి నోరు మూసుకున్నాను. బేరంలో అన్నిటికంటే కష్టమైన పని అదే. మనవాళ్లు ధర చెప్పాక ఊరుకోలేరు, "పోనీ కొంచెం అటూ ఇటూ చూడండి" అని తామే దారి చూపిస్తారు.

ఈ ఆరు నెలల ప్యాక్ మీద చాలామంది పొరపాటు పడతారు. ఏదో కాస్త తగ్గుతుందని ముందే డబ్బులన్నీ కట్టేసి, ఆ తర్వాత బాక్స్ కోసం బతిమాలతారు. ఆ పెద్ద రీచార్జే మన చేతిలో ఉన్న సరుకు. దాన్ని ఊరికే ఇచ్చేస్తే ఇంకేం పెట్టి బేరం ఆడతారు?

ఆవిడ లైన్‌లో ఉండమంది. సంగీతం వినిపించింది. తిరిగొచ్చి బాక్స్ ధర మాఫీ, విజిట్ చార్జి మాత్రం కట్టాలి అంది. "అలాగైతే పక్క కంపెనీ వాళ్ల మనిషి రేపు వస్తానన్నాడు, చూసి చెబుతా" అన్నాను. ఆ మనిషి నిజంగానే వస్తానన్నాడు, అబద్ధం కాదు. డిష్షూ ఇనుప పైపూ వైరూ ఉన్నాయి కదా, దిక్కు మార్చి తిప్పితే చాలు, బాక్స్ డబ్బులు మాత్రం ఇవ్వండి అన్నాడు. మళ్లీ సంగీతం. విజిట్ చార్జి కడితే అది అకౌంట్లో వెనక్కి జమ చేస్తామంది. సరే, ఆ మాటే మెసేజ్ పంపండి, అది వచ్చాకే మీ మనిషిని పంపండి అన్నాను. మెసేజ్ వచ్చింది. మాట మీద మాత్రం ఒప్పుకోకండి. రేపు ఫోన్ చేస్తే ఇంకొకరు ఎత్తుతారు, వాళ్లకు మీరెవరో తెలియదు.

అక్కడితో అయిపోలేదు. టెక్నీషియన్ తెచ్చిన బాక్స్ మీద గీతలున్నాయి. కింద స్టిక్కర్ ఒకదాని మీద ఒకటి అంటించి ఉంది. బాగుచేసిన పాత బాక్స్. "పనిచేస్తది సార్, గ్యారంటీ నాది" అన్నాడు. నీ గ్యారంటీ నాకెందుకయ్యా, కొత్తది తే అని టీ ఇచ్చి పంపించాను. ఇలా మార్చి ఇచ్చేటప్పుడు కొత్తదా, బాగుచేసిందా అని ఫోన్‌లోనే అడగాలి, ఆ ముక్క కూడా మెసేజ్‌లో రాయించుకోవాలి. రెండోసారి డబ్బా సీలుతో తెచ్చాడు. పాత బాక్స్ తీసుకెళ్తే తీసుకున్నట్టు చీటీ రాయించుకోండి. లేకపోతే అది మీ దగ్గరే ఉందని తర్వాత ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

బెదిరింపుల్లో పనికొచ్చేవీ రానివీ ఉన్నాయి. "డీడీ ఫ్రీ డిష్ పెట్టుకుంటాం" అని చాలామంది అంటారు. దానికి నెల డబ్బులు లేవు, నిజమే. కానీ తెలుగు సీరియళ్లు చూసే ఇల్లు దాంతో సరిపెట్టుకోదు, మీ అకౌంట్లో ఏ ఛానళ్లు ఉన్నాయో అవతలివాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. "వానొస్తే సిగ్నల్ పోతోంది" అన్నా లాభం లేదు. మబ్బు గట్టిగా పడితే మన డిష్‌లకు వచ్చే కేయూ బ్యాండ్ సిగ్నల్ ఎవరికైనా పోతుంది, బాక్స్ మార్చినా పోతుంది. "ట్రాయ్‌కి రాస్తా" అనీ అంటారు. ట్రాయ్ అంటే ఫోన్, టీవీ కంపెనీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, అది ఒక్కో కస్టమర్ ఫిర్యాదు పట్టుకుని తీర్చదు. కంపెనీలోనే కస్టమర్ కేర్‌లో తేలని ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్ ఉంటాడు, ఆయనకు రాయండి. అక్కడా కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కానీ ఇవన్నీ డబ్బులు కోసినప్పుడో, ఇచ్చిన మాట తప్పినప్పుడో. రేటు తగ్గించడం లేదని ఎవరికి ఫిర్యాదు చేస్తాం?

పనిచేసేది పక్క కంపెనీ పేరు, లేదా కేబుల్, లేదా నెట్‌తో కలిపి ఇచ్చే టీవీ. డిష్ కంపెనీలకు భయం ఉన్నది వీటితోనే. 2020లో దేశంలో డబ్బు కట్టి చూసే డిష్ కనెక్షన్లు ఏడు కోట్లు దాటి ఉండేవి. 2025 నాటికి ఆరు కోట్ల లోపుకు దిగాయి. జనం ఫోన్లలోనే చూసుకుంటున్నారు. ఇలాంటి కాలంలో పన్నెండేళ్లుగా కట్టేవాణ్ని పోగొట్టుకోవాలని ఏ కంపెనీ అనుకోదు, మనం పోమని గట్టిగా తెలిస్తే తప్ప.

రూల్స్ కూడా మారాయి, అవి తెలియక చాలామంది పాత లెక్కలే మాట్లాడుతున్నారు. 2019లో ఛానళ్లు మనమే ఎంచుకునే పద్ధతి వచ్చినప్పుడు కనెక్షన్ కోసం నెలనెలా కట్టే నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలకు మించకూడదన్నారు, జీఎస్టీతో 153 దాటేది. ఇన్‌స్టలేషన్‌కు 350 కంటే ఎక్కువ తీసుకోవద్దన్నారు. 2024లో ట్రాయ్ ఈ గీతలన్నీ చెరిపేసి కంపెనీలకే వదిలేసింది. పేపర్లో చదివి అందరూ తిట్టుకున్నారు, నేనూ తిట్టాను. అయితే గీత లేదంటే పైకీ లేదు, కిందికీ లేదు. విజిట్ చార్జి, ఫిట్టింగ్ చార్జి రూల్ ప్రకారం అని ఇక ఎవరూ చెప్పలేరు. అది వాళ్లు పెట్టుకున్న రేటు, కాబట్టి అడగొచ్చు.

నాకు అసలు మంట ఎక్కడంటే, ఫోన్ నంబర్ మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతా 2011లోనే వచ్చింది. బాక్స్ మాత్రం ఇప్పటికీ ఒక కంపెనీది ఇంకో కంపెనీకి పనిచేయదు. ఏ కంపెనీకైనా పనికొచ్చే బాక్సులు ఉండాలని ట్రాయే 2020లో సిఫారసు చేసింది. ఆ తర్వాత మన ఇళ్లల్లోకి వచ్చిందేమీ లేదు. ఆ ఒక్కటి జరిగితే ఈ బేరాలు, ఈ సంగీతాలు ఏవీ అక్కర్లేదు.

మీరు ఫోన్ చేసేముందు పాత బిల్లు వెతకండి. బాక్స్ అద్దెకు ఇచ్చిందా, మీరు కొన్నదా చూడండి. అద్దెదైతే పాడైనప్పుడు బాగుచేయాల్సింది వాళ్లే, అక్కడ బేరం కూడా అక్కర్లేదు. కొన్నదైతే వారంటీ ఏడాదికే అయిపోయి ఉంటుంది, నేను చెప్పిన దారిలో పోండి. బ్యాలెన్స్ ఎంతుందో చూసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లకు కొన్నాళ్లు టీవీ ఉండదని ముందే చెప్పండి. వాళ్లు మధ్యలో మీకు తెలియకుండా మనవడితో రీచార్జ్ చేయించేస్తే మీ బేరమంతా అక్కడే కూలిపోతుంది. మా బావమరిది ఇంట్లో అదే జరిగింది.

హెచ్‌డీ వచ్చాక బొమ్మ బాగుందా అంటే, బాగుంది. కానీ మా అమ్మ చూడదు. ఆమెకు పాత ఛానల్ నంబర్లు నోటికొచ్చు, అవే నొక్కుతుంది. అవన్నీ ఎస్‌డీవి. హెచ్‌డీ నంబర్లు రాసి రిమోట్ వెనక అంటించాను, అద్దాలు పెట్టుకుని అది చదివేలోపు పాటే అయిపోతుందంటుంది. హెచ్‌డీ ప్యాక్ డబ్బులు మాత్రం నెలనెలా కట్ అవుతున్నాయి. ఒకే ఛానల్, అవే సీరియళ్లు, హెచ్‌డీ అంటే ఇంత ఎక్కువ ఎందుకని ఎవరైనా ప్రశ్న పెట్టండి, దానికి ఇంతకంటే పొడుగు జవాబు రాస్తాను.