పరుగు మానిపిస్తే సీటు వస్తుందా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి 11వ గ్రేడ్. తొమ్మిదో గ్రేడ్ నుంచీ స్కూల్ క్రాస్ కంట్రీ (దూరపు పరుగు) టీమ్‌లో ఉన్నాడు, ఇప్పుడు వర్సిటీ, అంటే స్కూల్ మొదటి జట్టు. కాలేజీ కోచ్‌లు తమ టీమ్‌లోకి రిక్రూట్ చేసుకునేంత వేగం మాత్రం లేదు. ‘కోచ్ పిలవని ఆట ఎందుకు? మానేసి రీసెర్చ్ ప్రాజెక్టు చెయ్’ అని మావారు రోజూ అంటున్నారు. వాడేమో మాట్లాడడం మానేసి, అన్నం ప్లేటు గదిలోకి పట్టుకుపోతున్నాడు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను.

జవాబు: మీవారు అన్నదాంట్లో సగం నిజం ఉందమ్మా. రిక్రూట్ అయిన పిల్లల దారే వేరు. హార్వర్డ్ అడ్మిషన్ల మీద నడిచిన కేసులో బయటపడ్డ లెక్కల్లో, అలాంటి క్రీడాకారుల్లో దాదాపు 86 శాతం మందికి సీట్లు వచ్చాయి. మామూలు దరఖాస్తుల్లో పదింట ఒకటి కూడా దక్కలేదు. 2019లో కొందరు తల్లిదండ్రులు తమ పిల్లలు ఆడని ఆటల్లో కూడా ఆటగాళ్లని చూపించడానికి కోచ్‌లకు లంచాలిచ్చి జైలుకెళ్లారు. విలువంతా కోచ్ తన టీమ్ కోసం ఇప్పించే స్లాట్‌ది. అది మీవాడికి లేదు.

ఇక రెండో సగం. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో 10 యాక్టివిటీలు రాయొచ్చు. ఒక్కోదానికీ 150 క్యారెక్టర్ల వివరణ, వారానికెన్ని గంటలు, ఏడాదికెన్ని వారాలు, ఏయే గ్రేడుల్లో చేశాడు, అంతే. మీవారు చెప్పే ప్రాజెక్టూ అక్కడ ఒక వరసే. ఇష్టం లేకుండా 11లో హడావుడిగా మొదలెట్టిన ప్రాజెక్టు కన్నా, ఆగస్టు ఎండ ముదరకముందే లేచి మూడేళ్లుగా పరిగెత్తిన వరసే నాకు గట్టిగా కనిపిస్తుంది. రేపు కెప్టెన్ అయితే ఇంకా మంచిది. అలాగని దానితో సీటు వచ్చేస్తుందని నేను చెప్పను. మార్కులు జారుతుంటే మాత్రం గంటలు తగ్గించుకోవాల్సిందే, ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) తర్వాతే ఏదైనా. మీ టెక్సాస్‌లోనే చూడండి, 2026 నుంచి యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్)లో ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాసులో టాప్ 5 శాతానికి. దానికి పరుగుతోనూ పనిలేదు, ప్రాజెక్టుతోనూ పనిలేదు. కోరిన మేజర్ (ప్రధాన సబ్జెక్టు) దొరకడం వేరే సంగతి.

అసలు వాడికి తగిలింది అడ్మిషన్ మాట కాదు. ‘నువ్వు చేసేది దండగ’ అని నాన్న అన్నాడని వాడికి వినబడింది. మీవారిని ఒక శనివారం పొద్దున వాడి మీట్‌కి (పరుగు పోటీకి) పంపండి. వెళ్లి చూసి రావాలి, అంతే. కారులో తిరిగొచ్చేటప్పుడు కాలేజీ ఊసు ఎత్తకూడదు. మీరు కూడా ఈయన మాట వాడికీ, వాడి మాట ఈయనకీ మోయడం ఆపేయండి. నలగడం సగం తగ్గుతుంది. సీజన్ నవంబర్‌లో అయిపోతుంది కదా, అప్పుడు ముగ్గురూ కూర్చుని, సీనియర్ ఏడాదిలో (12వ గ్రేడ్‌లో) పరిగెడతావా అని వాణ్ణే అడగండి. మానేస్తానంటే బతిమాలకండి. మానేసినంత మాత్రాన దరఖాస్తు పాడవదు, ఇప్పటిదాకా పరిగెత్తిన ఏళ్లు ఫారంలో రాసుకోవచ్చు.