కోచ్ కాబోతున్న అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీముకి నువ్వు కోచ్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంబరం దాచుకోవడం వాడికి ఎప్పుడూ చేతకాదు. నాకూ గర్వంగానే ఉంది. కానీ నువ్వు రాసుకున్న ప్లాను కూడా చదివి వినిపించాడు. బైబిల్ వాక్యం మీద, వ్యక్తిత్వం మీద టీమును కడతావట. గెలుపుతో దేవుణ్ణి మహిమపరుస్తావట. అది విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ముసలాయన నస అనుకోకుండా చివరిదాకా చదువు.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. పిల్లలకంటే ముందు కోర్టులో ఉండు. ఏ డ్రిల్ ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసుకుని వెళ్ళు. నీళ్ళు తాగనివ్వు. ఏ పిల్లతోనైనా విడిగా మాట్లాడాల్సి వస్తే నలుగురికీ కనబడేచోట మాట్లాడు. ప్రార్థన చేయడానికైనా సరే, తలుపు మూసిన గదిలోకి తీసుకెళ్ళకు. ఇదొక్కటి మాత్రం సలహా అనుకోకు, ఆజ్ఞే అనుకో.

అమెరికా బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ గీసిన విజయాల పిరమిడ్ బొమ్మ గోడకి అంటిస్తావట. అంటించు, తప్పులేదు. కానీ ఆ పదిహేను దిమ్మెల ఆలోచనకి మూలం ఆట కాదు, ఇంగ్లీషు క్లాసు. ఆయన అప్పుడు హైస్కూల్ టీచరు. పిల్లాడు తన శక్తికొద్దీ చదివాడా లేదా అని చూడకుండా తల్లిదండ్రులు గ్రేడ్ల కోసం గోల పెడుతుంటే విసుగొచ్చి, విజయం అంటే ఏమిటో 1934లో తనకు తానే రాసుకున్నాడు. చేతనైనంతా చేశానన్న మనశ్శాంతే విజయమన్నది దాని సారం. పిరమిడ్ పూర్తయ్యేసరికి 1948 వచ్చింది. ఆ ఏడే లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో కోచ్‌గా చేరాడు. మొదటి జాతీయ టైటిల్ 1964లో, పదహారో సీజన్‌లో వచ్చింది. అక్కణ్ణుంచి 1975 దాకా పన్నెండేళ్ళలో పది టైటిళ్ళు. జనం ఆ పదింటి గురించే మాట్లాడతారు. టైటిల్ లేని ఆ పదిహేను సీజన్లూ ఆయన ప్రతి ఏడూ మొదటి ప్రాక్టీసులో ఏం నేర్పేవాడో తెలుసా? మేజోళ్ళు ముడత లేకుండా తొడుక్కోవడం, బూటు లేసులు బిగించడం. ముడత పడితే బొబ్బ, బొబ్బ వస్తే ఆట పోతుంది. పిరమిడ్ కొసన విశ్వాసం పక్కనే ఓర్పు అని రాశాడు. ఆ రెండోమాట నీకు అసలు లేదు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

ఇప్పుడు నా భయం సంగతి. నా కుర్రతనంలో మాకు ఒక కోచ్ ఉండేవాడు. నిజమైన భక్తిపరుడు, వేషం కాదు. తన జేబులోంచి డబ్బు పెట్టి మాకు బూట్లు కొనేవాడు. మ్యాచ్‌కి ముందు అందరం గుండ్రంగా మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసేవాళ్ళం. మొదట్లో బాగుండేది. మెల్లగా ఏమైందంటే, ఎవరు గట్టిగా, కన్నీళ్ళతో ప్రార్థన చేస్తారో వాళ్ళు మ్యాచ్ మొదలుపెట్టే అయిదుగురిలో కనబడసాగారు. ఆయన కావాలని చేశాడని ఇప్పటికీ అనను. కానీ కుర్రాళ్ళకి ఆ మాత్రం లెక్క తెలియదా? డ్రిబుల్‌కి ముందు కన్నీళ్ళు ప్రాక్టీసు చేశారు. మాలో అందరికంటే బాగా పాస్ ఇచ్చే కుర్రాడు ఆ గుంపులో కళ్ళు తెరుచుకుని ఊరికే నిలబడేవాడు. వాడు బెంచీకే అంటుకుపోయాడు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. గెలిస్తే దేవుడు ఇచ్చాడనేవాడు ఆయన. మరి ఓడితే? ఒక పెద్ద మ్యాచ్‌లో ఆఖరి క్షణాల్లో మావాడొకడు రెండు ఫ్రీ త్రోలూ, అంటే ఎవరూ అడ్డుపడకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్లు, పోగొట్టాడు, ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆ సాయంత్రం ఆయన అందరి ముందూ వాణ్ణి నిలబెట్టి, నీ జీవితంలో దాచుకున్న పాపం ఏదో ఉంది, ఒప్పుకో అన్నాడు. పదహారేళ్ళ కుర్రాడు! ఏడుస్తూ ఏదో ఒకటి ఒప్పుకున్నాడు. ఏం ఒప్పుకున్నాడో ఇక్కడ రాయను. వారం తిరక్కుండా వాడు కోర్టుకి రావడం మానేశాడు, తర్వాత గుడికీ రావడం మానేశాడు. నేను వాడి పక్కనే కూర్చుని ఉన్నాను కాబట్టి ఆ ముఖం నాకు తెలుసు.

వాడి తప్పు ఏమిటో ఏ కోచ్ అయినా చెప్పగలడు. కాళ్ళలో సత్తువ అయిపోయి మోకాళ్ళు వంగలేదు, షాట్ రింగుకి ముందే పడింది. మేం ఫ్రీ త్రోలు ప్రాక్టీసు మొదట్లో, ఆయాసం లేనప్పుడు వేసేవాళ్ళం. పరుగులన్నీ అయ్యాక, ఊపిరి అందనప్పుడు వేయించి ఉంటే సరిపోయేది. ఆయన మాత్రం పాపం వెతికాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేస్తే వీడిలా పుట్టాడని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదన్నాడు యేసు. ఆ అధ్యాయం మీద ఆయనే మాకు ఎన్నోసార్లు బోధించాడు కూడా. అందుకే చెబుతున్నా, వాక్యం తెలిసినంత మాత్రాన నీ నోరు అదుపులో ఉంటుందనుకోకు.

వుడెన్ మ్యాచ్‌ల్లో గుప్పిట్లో చిన్న సిలువ పట్టుకుని కూర్చునేవాడు. అది ఆయనకీ ప్రభువుకీ మధ్య సంగతి. లూ ఆల్సిండర్, అదే తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయినవాడు, ఆయన దగ్గర ఆడుతున్న రోజుల్లోనే 1968లో ఇస్లాం తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడు కూడా టైటిల్ కొట్టారు. వాళ్ళిద్దరి స్నేహం వుడెన్ 2010లో పోయేదాకా సాగింది.

ఆయన విశ్వాసం కనబడిన చోటు వేరే ఉంది. 1947లో ఆయన ఇండియానా స్టేట్ కాలేజీ టీము కోచ్. జాతీయ టోర్నమెంటుకి పిలుపొచ్చింది కానీ నల్లజాతివాళ్ళు ఆడకూడదన్నారు. టీములో క్లారెన్స్ వాకర్ అనే నల్లజాతి కుర్రాడున్నాడు. స్టార్ ఏమీ కాదు, ఎక్కువగా బెంచీ మీద ఉండేవాడే. వాడు లేకుండా మేం రామని వుడెన్ పిలుపు వదులుకున్నాడు. మరుసటి ఏడు ఆ నిబంధన పోయింది, వాకర్ ఆడాడు, ఫైనల్‌లో ఓడిపోయారు. నీ టీములో పన్నెండో పిల్ల పేరు నీకు తెలుసా? ముందు అది కనుక్కో.

అలాగని ఆయన్ని దేవదూతని చేయకు. చుట్టిన ప్రోగ్రాం కాగితం నోటి దగ్గర పెట్టుకుని రెఫరీల మీద మాటలు విసిరేవాడు. నీకు మీ నాన్న కోపం వచ్చింది కాబట్టి నీ చేతిలో కాగితం కూడా ఉండనివ్వకు. పందెంలో పరుగెత్తడం గురించి బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరంలోని మాట ప్రతి క్రీడా ప్రార్థనలోనూ చదువుతారు. కానీ ఆ తొమ్మిదో అధ్యాయం చివర, ఇతరులకు ప్రకటించి నేనే పనికిరానివాణ్ణి అవుతానేమో అన్నాడు చూడు, కోచ్‌కి చెందిన వచనం అది.

ప్రార్థన చెయ్యి తల్లీ, వద్దనడం లేదు. వచ్చేవాళ్ళని రానివ్వు, రానివాళ్ళని బూట్లు కట్టుకోనివ్వు. టీము మాత్రం ప్రార్థనకి ముందే ప్రకటించెయ్యి.

ప్రాక్టీసు కాగితం రాయగానే నాకు ఫోటో తీసి పంపు. ఫ్రీ త్రోలు మొదట్లో కనబడ్డాయంటే తిట్లు తప్పవు. పెద్దమ్మ రోజూ నీకోసం ప్రార్థిస్తోంది. టైటిల్ కోసం కాదులే, దెబ్బ తగిలిన ఆ మోకాలి కోసం. పట్టీ కట్టుకోకుండా పిల్లలతో పాటు దూకకు.

ప్రేమతో,
పెదనాన్న