ఏనుగు దాటింది, తోక చిక్కింది: ఓఈటీ రీడింగ్ రాయబోయే నర్సమ్మకు ఉత్తరం

చిరంజీవి సౌజన్యకు,

ఆశీస్సులు. విదేశాల్లో పని చేయాలనుకునే వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ మాక్ టెస్టులో రీడింగ్‌కు 42కి 24 వచ్చాయనీ, ఒకాబులరీ చాలడం లేదనీ, మంచి పదాల పుస్తకం చెప్పమనీ రాశావు. పుస్తకం పేరు చెప్పను. నువ్వు పంపిన జవాబుల కాగితం చూస్తే జబ్బు అక్కడ లేదు. తప్పిన 18లో పదం తెలియక పోయినవి మూడే. స్పెల్లింగూ యూనిట్లూ తినేసినవి ఐదు. మిగతా పదీ 'అన్‌లెస్', 'ఫ్యూ', 'మే', 'వైల్' లాంటి బుల్లి మాటల దగ్గర జారిపోయినవి. 'థ్రాంబోసైటోపీనియా' అనే ఏనుగును ద్వారం దాటించి, 'అన్‌లెస్' అనే తోక దగ్గర చిక్కుకున్నావు. కాబట్టి ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం తోక గురించే.

ముందు పరీక్ష ఆకారం మనసులో ఉండాలి. మొత్తం 60 నిమిషాలు. పార్ట్ ఎకి 15 నిమిషాలు, 20 ప్రశ్నలు. ఒకే విషయం మీద నాలుగు చిన్న పాఠాలు ఇస్తారు. పాముకాటే విషయమైతే ఒక దాంట్లో లక్షణాలు, ఒక దాంట్లో మందు మోతాదుల పట్టిక, ఇలా. ఆ 15 నిమిషాలు అయిపోతే మళ్లీ అటు తిరిగి చూడనివ్వరు. పార్ట్ బి, సిలకు కలిపి 45 నిమిషాలు. బిలో ఆసుపత్రి కాగితాల నుంచి తీసిన ఆరు ముక్కలు, ఒక్కోదానికి ఒక్క ప్రశ్న, మూడు ఆప్షన్లు. సిలో దాదాపు 800 పదాల వ్యాసాలు రెండు, ఒక్కోదానికి ఎనిమిది ప్రశ్నలు, నాలుగేసి ఆప్షన్లు. బ్రిటన్‌లో నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ రీడింగ్, లిసనింగ్, స్పీకింగ్‌లలో 500కి 350, రైటింగ్‌లో 300 అడుగుతుంది. రీడింగ్‌లో 350 అంటే 42కి అటూ ఇటుగా 30 సరైనవి అనుకో. పేపర్ని బట్టి ఒకటి రెండు మారుతుంది. నీకు కావలసింది ఇంకో ఆరే.

ఇక చిన్న మాటలు. తెలుగులో షరతు ముందు వస్తుంది, పని చివర వస్తుంది: 'తడిసి ముద్దయితే తప్ప కట్టు విప్పొద్దు.' ఇంగ్లీషులో పని ముందు, షరతు వెనక: 'డు నాట్ రిమూవ్ ద డ్రెసింగ్ అన్‌లెస్ ఇట్ ఈజ్ సోక్డ్ త్రూ.' మన బుర్రకు క్రియ వినపడగానే వాక్యం ముగిసిందనిపిస్తుంది. 'డు నాట్ రిమూవ్' దగ్గరే జవాబు ఖాయం చేసేసి ముందుకు ఉరుకుతాం. దీనికి ఒకటే మందు. వాక్యంలో అన్‌లెస్, అంటిల్, ప్రొవైడెడ్, ఎక్సెప్ట్, ఓన్లీ ఇఫ్ కనపడితే, ఆ వాక్యాన్ని వెనక నుంచి ముందుకు తెలుగులో ఒకసారి తిప్పి చెప్పుకో. మందుల పేర్లను తెలుగులోకి మార్చుకోవడం దండగ పని. ఈ అతుకు మాటలను మాత్రం తప్పకుండా మార్చుకోవాలి. 'ఇంగ్లీషులోనే ఆలోచించు' అని కోచింగుల్లో చెప్పే మాట ఈ ఒక్కచోట నేను ఒప్పుకోను.

రెండోది 'ఫ్యూ', 'ఎ ఫ్యూ'. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి రెండూ 'కొద్దిమంది' లాగే వినిపిస్తాయి. 'ఎ ఫ్యూ పేషెంట్స్' అంటే కొందరు ఉన్నారని. 'ఫ్యూ పేషెంట్స్' అంటే దాదాపు ఎవరూ లేరన్నట్టే. 'లిటిల్ ఎవిడెన్స్', 'ఎ లిటిల్ ఎవిడెన్స్' కూడా అంతే: మొదటిది ఆధారం లేదని పెదవి విరుపు, రెండోది కాస్తయినా ఉందన్న ఊరట. ఆ ఒక్క అక్షరాన్ని నమ్ముకుని పార్ట్ సిలో ఒక ప్రశ్న కూర్చుని ఉంటుంది. 'నాట్ అన్‌కామన్' అంటే అరుదు కాదు, తరచూ కనిపించేదే. వ్యాస వాక్యం మొదట్లో వచ్చే 'వైల్' చాలాసార్లు 'ఆ సమయంలో' కాదు, 'అయినప్పటికీ'. 'సిన్స్' అంటే 'నుంచి' కావచ్చు, 'కాబట్టి' కావచ్చు.

మూడోది, ఎంత గట్టిగా చెబుతున్నారన్నది. 'మస్ట్', 'షుడ్', 'మే' ఒకే త్రాసులో తూగవు. బ్రిటన్‌లో వైద్యం ఎలా చేయాలో సూచనలిచ్చే నైస్ సంస్థ గైడ్‌లైన్లు చదివితే ఇది బాగా పట్టుబడుతుంది. ఆధారం బలంగా ఉంటే 'ఆఫర్' అని, అంత బలంగా లేకపోతే 'కన్సిడర్' అని రాస్తారు. చట్టపరమైన బాధ్యత ఉన్నచోట 'మస్ట్' వస్తుంది. మందుల విషయంలో 'కాంట్రాఇండికేటెడ్' అంటే ఇవ్వకూడదు. 'యూజ్ విత్ కాషన్' అంటే కనిపెట్టుకుని ఇవ్వొచ్చు. ఆప్షన్‌లో 'షుడ్ నాట్ బి గివెన్' అని ఉండి, పాఠంలో 'కాషన్' అని మాత్రమే ఉంటే ఆ ఆప్షన్ తప్పు, వార్డులో మీ డాక్టరు ఎప్పుడూ ఇవ్వనివ్వకపోయినా సరే.

ఇక్కడే నీలాంటి అనుభవం ఉన్న నర్సులకు అసలు దెబ్బ తగులుతుంది. పాఠంలో ఉన్నది కాకుండా వార్డులో చేసేది జవాబుగా పెట్టేస్తారు. పార్ట్ బి తరహాలో ఒకటి చూడు. నరంలోకి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు గురించి నోటీసు: అలారం మోగితే లైన్ ఎక్కడైనా మెలికపడిందేమో చూసి రీసెట్ చేయండి, మళ్లీ మోగితే పంపును వాడకం నుంచి తీసేసి చీటీ అంటించండి. ఆప్షన్లు మూడు. ఒకటి, అలారం మోగిన పంపును పక్కన పెట్టాలి. రెండు, అలారం మోగితే లైన్ మార్చాలి. మూడు, చూసి సరిచేశాక కూడా అలారం ఆగకపోతే ఆ పంపు వాడకూడదు. మొదటిది సగం నిజం, 'మళ్లీ' అన్న షరతును మింగేసింది. రెండోది చాలా వార్డుల్లో చేసే పనే, కానీ ఈ నోటీసులో లేదు. మూడోదే జవాబు. తప్పు ఆప్షన్లు ఎక్కువగా ఈ అచ్చుల్లోనే పోస్తారు: షరతు మింగేవి, బయటి వైద్యం తెచ్చేవి, 'కొన్ని'ని 'అన్నీ' చేసేవి. పాఠంలోని పెద్ద పదం ఏదైనా ఆప్షన్‌లో అచ్చంగా అలాగే కనపడితే సంబరపడకు, ఇంకోసారి అనుమానంగా చూడు. సరైన జవాబు చాలావరకు వేరే మాటల్లో ఉంటుంది.

పార్ట్ ఎలో చదవకు, వెతుకు. మొదటి నిమిషం నాలుగు పాఠాల శీర్షికలు, పట్టికల తలకట్లు, అడుగున చుక్క గుర్తు పెట్టిన సన్న అక్షరాలు మాత్రమే చూడు. మొదట వచ్చేవి 'ఈ సమాచారం ఏ పాఠంలో ఉంది' అనే రకం ప్రశ్నలు, సాధారణంగా ఏడు. వాటికి మూడు నిమిషాలు దాటనివ్వకు. మిగిలిన పదమూడింటికి తొమ్మిది నిమిషాలు, చివరి రెండు నిమిషాలు స్పెల్లింగ్ సరిచూడడానికి. ఇక్కడ మాటలను పాఠంలో ఉన్నట్టే దించాలి. 'స్వెల్లింగ్' అని ఉంటే 'స్వోలెన్' అని రాయకు, ఏకవచనాన్ని బహువచనం చేయకు. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. పదం కళ్ల ముందే ఉంది కాబట్టి ఇది పోగొట్టుకోవడానికి వీల్లేని మార్కు. మనం చెవితో రాస్తాం, అదీ గొడవ. 'ఫ్లెమ్'లో జీ పలకదు, 'ఆస్మా'లో టీహెచ్ పలకదు, బ్రిటిష్ పద్ధతిలో 'డయేరియా'లో ఆర్ రెండుసార్లు వచ్చి వెంటనే హెచ్, ఓ, ఇ వస్తాయి. రాశాక అక్షరం అక్షరం వేలు పెట్టి పోల్చు.

అంకెల దగ్గర ప్రశ్నను రెండుసార్లు చదువు. పెద్దవాళ్లకు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల నుంచి ఒక గ్రాము, 4 నుంచి 6 గంటలకోసారి, రోజుకు 4 గ్రాములకు మించకుండా అని పట్టికలో ఉందనుకో. 'రెండు డోసుల మధ్య కనీస వ్యవధి' అడిగితే 4 గంటలు, 'రోజుకు గరిష్ఠం' అడిగితే 4 గ్రాములు. రెండింట్లోనూ 4 ఉంది కదా అని వట్టి 4 రాసి వదిలేస్తే రెండూ పోతాయి. మిల్లీగ్రామా, మైక్రోగ్రామా, 'పర్ కేజీ' ఉందా లేదా, 'అప్ టు'నా 'అట్ లీస్ట్'ఆ, 'నో లేటర్ దేన్ 48 అవర్స్' అంటే 48 గంటల్లోపా తర్వాతా, ఇవన్నీ వెనక్కి వెళ్లి చూసి రాయాల్సినవే.

పార్ట్ బిని పది నిమిషాల్లో ముగించు. సిలోని ఒక్కో వ్యాసానికి పదహారు ఇస్తే ఇంకో మూడు నిమిషాలు చేతిలో ఉంటాయి. సిలో ప్రశ్నలు వ్యాసం నడిచిన వరుసలోనే వస్తాయి, చాలావాటిలో ఎన్నో పేరా అన్నది కూడా చెబుతారు. కాబట్టి వ్యాసం మొత్తం చదివి మళ్లీ మొదటికి రావద్దు. ఒక ప్రశ్న, ఆ పేరా, జవాబు. మళ్లీ తర్వాతి ప్రశ్న. అడిగేది రచయిత ఏమన్నాడనా, వ్యాసంలో మాట్లాడిన డాక్టరు ఏమన్నాడనా, చూసుకో. ఆ డాక్టరు మందును మెచ్చుకుంటాడు, కింది వాక్యంలోనే రచయిత 'హౌఎవర్' అని గాలి తీసేస్తాడు. 'ది లాటర్', 'సచ్', 'దిస్' దేన్ని సూచిస్తున్నాయని అడిగితే ముందు వాక్యంలోకి వెళ్లు. ఆప్షన్‌ను ఆ మాట స్థానంలో పెట్టి చదివి అతుకుతుందో లేదో చూడు.

పదాల సంగతి అసలు వద్దనడం లేదు. రోజుకు ఆరు, వారానికి ఆరు రోజులు, ఎనిమిది వారాలు: 288. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే డ్యూటీలతో నిలవవు. ఒక్కో కార్డు మీద పదం, నువ్వు వార్డులో వాడగలిగే ఒక సొంత వాక్యం, దాని కుటుంబం, వ్యతిరేకం రాయి. కుటుంబం అంటే బ్లీడ్, బ్లెడ్, బ్లీడింగ్. బ్రెత్, బ్రీద్, బ్రెత్‌లెస్. మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు, నెలకు ఆ కార్డు మళ్లీ చేతికి రావాలి. వైద్య పదాల్లో తోకలు నేర్చుకుంటే తల దానంతట అదే వస్తుంది: 'ఆటమీ' కోయడం, 'ఎక్టమీ' తీసేయడం, 'ఆస్టమీ' బయటికి దారి తెరవడం. 'డిస్‌ఫేజియా' మింగలేకపోవడం, 'డిస్‌ఫేసియా' మాట తడబడడం. మధ్యలో జీ ఉందో ఎస్ ఉందో చూడు. 'ఇలియం' అని ఒకేలా పలికే రెండున్నాయి: ఎల్ తర్వాత ఇ వస్తే పేగు, ఐ వస్తే తుంటి ఎముక.

వీటికన్నా ముందు కార్డులెక్కాల్సినవి మామూలు మాటలు. రూల్ అవుట్, వేర్ ఆఫ్, ఫ్లేర్ అప్, టేపర్ ఆఫ్, కమ్ రౌండ్, పాస్ అవుట్, బ్రింగ్ అప్. 'కమ్ రౌండ్' అంటే స్పృహలోకి రావడం. రౌండ్స్‌కు రావడం అనుకుంటే వాక్యం మొత్తం గల్లంతు. మన ఆసుపత్రి ఇంగ్లీషు కూడా అక్కడ వేరే వేషంలో తిరుగుతుంది. రక్త కణాలు లెక్కించే మన సీబీపీ పరీక్ష వాళ్లకు ఫుల్ బ్లడ్ కౌంట్. మన క్యాజువాలిటీ బ్రిటన్‌లో ఏ అండ్ ఈ. మన బెడ్‌సోర్ బ్రిటన్‌లో ప్రెషర్ అల్సర్, ఆస్ట్రేలియాలో ప్రెషర్ ఇంజురీ. నోటితో ఏమీ ఇవ్వొద్దనే మన ఎన్‌పీఓ అక్కడ నిల్ బై మౌత్. మనం పేషెంట్ అటెండర్ అనే మనిషి అక్కడ రెలెటివ్ లేదా కేరర్. బ్రిటన్‌లో 'సర్జరీ' అంటే ఊళ్లో డాక్టరు చూసే క్లినిక్ కూడా, 'అటెండ్ ద సర్జరీ' అని చదివి ఆపరేషన్ అనుకోకు. అమెరికా పాఠమైతే పారాసెటమాల్ ఎసెటమినోఫెన్ అవుతుంది, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్ అవుతుంది.

చదవడానికి డబ్బు పెట్టక్కర్లేదు. పార్ట్ ఎ, బిల కోసం బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ వెబ్‌సైట్ పేజీలు, నైస్ గైడ్‌లైన్లు, మీ వార్డులోని మందుల పెట్టెల్లో మడత పెట్టి ఉండే కాగితాలు. పార్ట్ సి కోసం 'ద కాన్వర్జేషన్' సైటులోని ఆరోగ్య వ్యాసాలు. మాక్‌లు మాత్రం ఓఈటీ వాళ్ల సొంత నమూనాలతోనే రాయి. రీకాల్స్ పేరిట, అంటే పాత పరీక్షల్లో వచ్చిన ప్రశ్నలంటూ, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌ల జవాబులను ఎవరు సరిచూశారో ఆ దేవుడికే తెలియాలి. తప్పు కీతో దిద్దుకుంటే సరైన అలవాటు కూడా చెడుతుంది.

మామూలు రోజుకు 50 నిమిషాలు చాలు: పది నిమిషాలు కార్డులు, పదిహేను ఒక పార్ట్ ఎ గానీ మూడు బి ముక్కలు గానీ, మిగతా ఇరవై ఐదు సి వ్యాసంలో సగమూ దాని దిద్దుబాటూ. నైట్ డ్యూటీ దిగిన రోజు సి జోలికి పోకు, కార్డులు తిరగేసి పడుకో. నిద్రమత్తులో చేసిన వ్యాసంలో వచ్చే తప్పులు నీ ఇంగ్లీషు గురించి ఏమీ చెప్పవు. మొదటి మూడు వారాలు గడియారం పెట్టకు, నాలుగో వారం నుంచి పెట్టు. మొదటి నుంచీ టైమర్ పెట్టుకున్నవాళ్లు వేగంగా తప్పులు చేయడం నేర్చుకుంటారు. ఫుల్ మాక్ వారానికి ఒక్కటే, అదీ ఐదో వారం నుంచి.

తప్పుల పుస్తకానికి మూడు గడులు గీయి: నేను పెట్టింది, సరైనది, ఎందుకు తప్పింది. మూడో గడిలో 'అజాగ్రత్త' అని రాస్తే ఒప్పుకోను, అది కారణం కాదు. చిన్న మాట, సొంత వైద్యం, స్పెల్లింగ్, యూనిట్, షరతు మింగడం, పదం తెలియదు, ఇలా పేరు పెట్టి రాయాలి. చిన్న మాటైతే ఆ మాటేదో కూడా. పది రోజులకు ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కేసి ఆ వారం దాని మీదే పడు.

తప్పు జవాబుకు మార్కు కోత లేదు, కాబట్టి పరీక్షలో గడి ఏదీ ఖాళీగా వదలకు. బి, సిలలో ఒక ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు దాటితే ఏదో ఒకటి పెట్టి కదులు.

ఆదివారం తప్పుల పుస్తకం పేజీ ఫోటో తీసి పంపు. మార్కులు రాయనక్కర్లేదు, మూడో గడి కనపడితే చాలు.

మీ పెద్దమ్మ