రియాలిటీ షో నుంచి రగ్బీ లీగ్ ప్రసారాల్లోకి వెళ్లాలనుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చేరింది. రియాలిటీ షోతో పేరు తెచ్చుకున్న నీకు రగ్బీ లీగ్ ప్రసారాల్లో ఉద్యోగం దొరికే అవకాశం ఉందా, ఉంటే ఎటు నుంచి మొదలుపెట్టాలి అని అడిగావు. అవకాశం ఉంది. అయితే అది నువ్వు చూస్తున్న చోట లేదు, నీ కోసం ఎక్కువ కాలం ఆగదు కూడా. సిడ్నీ రేడియోలో క్రీడా విభాగం ప్రొడ్యూసర్‌గా పనిచేసిన కాలంలో, వేరే రంగంలో పేరు సంపాదించి మా మైకుల ముందుకు వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో నిలదొక్కుకున్నవాళ్లకూ, ఒక సీజన్‌తో కనుమరుగైనవాళ్లకూ మధ్య తేడా అందంలోనో మాటకారితనంలోనో నాకు కనబడలేదు. ముఖం చూసి మొదటిసారి పిలుస్తారు. రెండోసారి పిలవాలా వద్దా అన్నది ఆట నీకు ఎంత తెలుసో చూసి నిర్ణయిస్తారు. నేను రాయబోయేదంతా ఆ రెండో పిలుపు గురించే.

ముందు ఆ రంగం ఎంత చిన్నదో నీకు తెలియాలి. ఆస్ట్రేలియాలో ప్రధాన రగ్బీ లీగ్ పోటీ అయిన ఎన్‌ఆర్‌ఎల్ మ్యాచ్‌లను ఉచితంగా చూపించేది ఛానెల్ నైన్. డబ్బు కట్టి చూసేవాళ్లకు ఫాక్స్ లీగ్, కయో ఉన్నాయి. రేడియోలో ఏబీసీ, ట్రిపుల్ ఎమ్, 2జీబీ వంటి కొద్ది స్టేషన్లే మ్యాచ్‌లను వినిపిస్తాయి. వీటన్నిటిలో కలిపి మైకు ముందుండే కుర్చీలే తక్కువ, అందులోనూ నిపుణుల కుర్చీలు మాజీ ఆటగాళ్లవి. జట్టు దాడిని నడిపించే హాఫ్‌బ్యాక్ ఎక్కడ పొరబడ్డాడో ఆండ్రూ జాన్స్ చెబితే జనం చెవి ఒగ్గి వింటారు, ఎందుకంటే ఆయన ఆ స్థానంలో ఆడి టైటిళ్లు గెలిచిన మనిషి. ఆ కుర్చీని నువ్వు ఆశించవద్దు. బంతి వెంట మాటను పరుగెత్తించే ప్రధాన వ్యాఖ్యాత స్థానం కూడా ఇప్పట్లో నీకు అందేది కాదు. 2022లో విరమించిన రే వారెన్ న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల మధ్య ఏటా జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మ్యాచ్‌లు 99కి వ్యాఖ్యానం చెప్పారంటే, దాని వెనుక చిన్న ఊరి రేడియోలో మొదలైన దశాబ్దాల సాధన ఉంది. కార్యక్రమాన్ని నడిపించే హోస్ట్ పని, మైదానం అంచున నిలబడి సమాచారం చెప్పే సైడ్‌లైన్ రిపోర్టర్ పని, క్లబ్బుల సొంత డిజిటల్ విభాగాల్లోని పని మాత్రమే నీలాంటివాళ్లకు తెరిచి ఉన్నాయి. మూడింటిలోనూ చివరిదాన్నే ముందు పట్టుకోమని నా సలహా.

ఒకప్పుడు వినోద రంగం వాళ్లకు ఇంతకంటే సులువైన దారి ఉండేది. నైన్‌లో 1994 నుంచి 2018 దాకా నడిచిన ఫుటీ షోలో ఆట గురించి మాట్లాడేదెంతో నవ్వులాట కూడా అంత ఉండేది, కనుక నవ్వించగలిగితే చాలు అక్కడ చోటు దొరికేది. అది ఆగిపోయాక ఆ స్థానాన్ని చాలావరకు విశ్లేషణ కార్యక్రమాలూ, వార్తల మీద వాదించుకునే కార్యక్రమాలూ తీసుకున్నాయి. వాటిలో విషయం తెలియని మనిషి పది నిమిషాలు కూడా దాక్కోలేడు. ఇంకొక సంగతి గమనించు. మ్యారీడ్ ఎట్ ఫస్ట్ సైట్, ద బ్లాక్ వంటి రియాలిటీ షోలు ప్రసారమయ్యేదీ నైన్‌లోనే, లీగ్ మ్యాచ్‌లు ప్రసారమయ్యేదీ నైన్‌లోనే. ఛానెల్ ప్రచార విభాగానికి రెండూ తమ సరుకే కనుక, సీజన్ మొదలయ్యే మార్చిలో షో ముఖాలను స్టేడియానికి తీసుకువెళ్లి కెమెరాకు చూపించడం వాళ్లకు లాభం. నిన్నూ అలా పిలవవచ్చు. వెళ్లు, మర్యాదగా నవ్వు, కానీ అది ఆ వారపు ప్రచారమేనని గుర్తుంచుకో. క్రీడా విభాగంలో మనుషులను తీసుకునేవాళ్లు వేరు, ఆ రోజు నిన్ను పిలిచినవాళ్లు వేరు.

నువ్వు ఉదాహరణగా చెప్పిన ఇద్దరి గురించి కూడా ఒక మాట. రయన్ ఫిట్జ్‌గెరాల్డ్ 2004లో బిగ్ బ్రదర్ ఇంట్లోకి వెళ్లి వచ్చాక నోవా రేడియో ఉదయపు కార్యక్రమాల్లో ఏళ్ల తరబడి నిలబడ్డ మాట నిజమే. బ్యూ రయన్ ఫుటీ షో మీదుగా 2019లో అమేజింగ్ రేస్ ఆస్ట్రేలియాకు హోస్ట్ అయిన మాటా నిజమే. అయితే మొదటి ఆయన అంతకు ముందే ఏఎఫ్‌ఎల్ అనే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ పోటీలో ఆడినవారు, రెండో ఆయన ఎన్‌ఆర్‌ఎల్‌లో వెస్ట్స్ టైగర్స్‌కూ క్రొనల్లా షార్క్స్‌కూ ఆడినవారు. నీకు ఆ వెన్నుదన్ను లేదు. నువ్వు శ్రద్ధగా చూడవలసింది ఈవాన్ శాంప్సన్‌ను. క్రీడా రిపోర్టర్‌గా పనిచేస్తూ వచ్చిన ఆమె 2016లో స్టేట్ ఆఫ్ ఆరిజిన్ ప్రసారానికి హోస్ట్‌గా వ్యవహరించిన తొలి మహిళ అయ్యారు. ఆ తరువాత ఫాక్స్ లీగ్‌కు ముఖ్యమైన ముఖంగా నిలిచారు. పక్కనున్న మాజీ ఆటగాళ్ల చేత మంచి మాట చెప్పించడం ఎలాగో ఆమె ప్రశ్నలు విని నేర్చుకో. షో తెచ్చిపెట్టిన గుర్తింపు తాటిముంజల వంటిది, అదను దాటితే ముదిరిపోయి ఎవరికీ పనికిరాదు. ఈ ఒక్క సీజన్‌లోనే దాన్ని పనికి మార్చుకోవాలి.

ఇక ఆట గురించి. మన ఇళ్లలో ఇప్పటికీ రగ్బీ అంటే అంతా ఒకటే అనుకుంటారు. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడిందని మీ నాన్న సంబరంగా చెప్పాడు కానీ, అది జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ యూనియన్, లీగ్‌కు వేరైన ఆట. నువ్వు పనిచేయాలనుకుంటున్నది, ఆటగాళ్లు పోగొట్టుకున్న కూలికి పరిహారం ఇవ్వాలా వద్దా అన్న తగువుతో 1895లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో ఉత్తరాది క్లబ్బులు వేరుపడి పెట్టుకున్న ఆట. గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసినవాళ్ల ఆట కావడం వల్లనే, దీని అభిమానులు పైనుంచి వచ్చి కూర్చున్నవాళ్లను అంత త్వరగా నమ్మరు. ఆ అపనమ్మకాన్ని అవమానంగా తీసుకోకు, అది వాళ్ల హక్కు.

నియమాలు ఒక్క సాయంత్రంలో వస్తాయి: జట్టుకు పదముగ్గురు; ఆరు ట్యాకిళ్లు, అంటే ప్రత్యర్థి ఆరుసార్లు పట్టి ఆపేదాకా బంతి మనదే; అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించే ట్రైకి నాలుగు పాయింట్లు. చూడడం నేర్చుకోవడానికి మాత్రం సమయం పడుతుంది. ట్యాకిల్ పడిన ఆటగాడు లేచి కాలితో బంతిని వెనక్కి దొర్లించే ఆ రెండు మూడు క్షణాలను గమనించు. అతను ఎంత త్వరగా లేస్తే, పది మీటర్లు వెనక్కి వెళ్లవలసిన ప్రత్యర్థి వరుస అంత అస్తవ్యస్తంగా ఉంటుంది, ఆ బంతిని వెనుక అందుకునే హుకర్‌కు అంత సందు దొరుకుతుంది. ఆట గెలుపోటములు చాలావరకు అక్కడే తేలుతున్నాయని నీ కళ్లకు కనబడే దాకా ఒకే మ్యాచ్‌ను రెండుసార్లు చూడు: మొదటిసారి బంతిని, రెండోసారి బంతి లేనివాళ్లను. వారానికి ఒక క్రమం కూడా ఉంది. మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు జట్ల జాబితాలు వస్తాయి. అందులో ఎవరి పేరు లేదు, ఎవరి స్థానం మారింది, ఎందుకు అన్నది ఎవరినీ అడగకుండా చెప్పగలిగిన రోజు నువ్వు సిద్ధమైనట్టు లెక్క.

పేర్ల విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఎన్‌ఆర్‌ఎల్ ఆటగాళ్లలో దాదాపు సగం మంది సమోవా, టోంగా, ఫిజీ, మావోరీ వంటి పసిఫిక్ మూలాలున్నవాళ్లు. సమోవా జట్టు 2022 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో ఇంగ్లండ్‌ను 27-26తో ఓడించి, స్టీఫెన్ క్రైటన్ ఫీల్డ్ గోల్‌తో ఫైనల్ చేరిన రోజున పశ్చిమ సిడ్నీ ఇళ్లలో పట్టలేని ఆనందం. ఆ కుటుంబాల పేర్లను ఎవరో పలికినట్టు పలకకుండా, ఆటగాడినో క్లబ్ మీడియా మేనేజర్‌నో ముందే అడిగి, తెలుగు లిపిలో రాసుకొని, పైకి చదివి అలవాటు చేసుకో. మన పేర్లను ఇక్కడ ఎన్ని రకాలుగా విరిచేస్తారో నీకు చెప్పనక్కర లేదు కదా, ఆ బాధ తెలిసిన నువ్వు ఆ పొరపాటు చేయకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, నీ ఇంటికి దగ్గరలోనే. మన తెలుగువాళ్లు ఇంతమంది ఉంటున్న వెంట్‌వర్త్‌విల్‌లో రింగ్‌రోజ్ పార్క్ ఉంది, వెంట్‌వర్త్‌విల్ మ్యాగ్‌పైస్ మైదానం అది. అటువంటి చోట్ల జరిగే కింది స్థాయి మ్యాచ్‌లకు, న్యూ సౌత్ వేల్స్ కప్ మ్యాచ్‌లకు వెళ్లు. అక్కడ కోచ్ ఆట ముగిశాక గేటు దగ్గర నిలబడి మాట్లాడతాడు, నువ్వు ఎవరివో పట్టించుకోడు, ప్రశ్న బాగుంటే జవాబు చెబుతాడు. ఆ మ్యాచ్‌లను ఇంటర్నెట్‌లో చూపించే చిన్న బృందాలకు ఇంటర్వ్యూలు చేసేవాళ్ల అవసరం తరచు ఉంటుంది. 2018లో నాలుగు క్లబ్బులతో మొదలైన మహిళల పోటీ 2025 నాటికి పన్నెండు క్లబ్బులకు పెరిగింది, కాబట్టి అక్కడ చెప్పవలసిన కథలు ఎక్కువ, చెప్పేవాళ్లు తక్కువ. పురుషుల పోటీలోకి 2027లో పెర్త్ బేర్స్, 2028లో పపువా న్యూగినీ జట్టు వస్తున్నాయి. ప్రతి కొత్త క్లబ్‌కూ వీడియోలు తీసేవాళ్లు, రాసేవాళ్లు కావాలి. ఇప్పటి ప్రసార ఒప్పందాలు 2027 సీజన్‌తో ముగుస్తాయి కనుక ఆ తరువాత కుర్చీలు కొన్ని చేతులు మారడం ఖాయం, ఆ సమయానికి నీ చేతిలో రెండేళ్ల పని చూపించడానికి ఉండాలి. బహుభాషా ప్రసార సంస్థ ఎస్‌బీఎస్‌లో తెలుగు కార్యక్రమం ఉంది. స్టేడియం కూతవేటు దూరంలో ఉండి కూడా క్రికెట్ మాత్రమే చూసే మన కుటుంబాలకు ఈ ఆటను పరిచయం చేసే ఆలోచన వాళ్ల ముందు పెట్టవచ్చు. అయితే మనవాళ్లకు చెప్పడానికి మాత్రమే నువ్వు పనికొస్తావని ఎవరైనా అనుకుంటే ఒప్పుకోకు.

సైడ్‌లైన్ పని దొరికిన రోజు ఏం జరుగుతుందో కొంచెం చెబుతాను. ఒక ఫార్వర్డ్ ట్యాకిల్‌లో తల తగిలి తూలుతూ లేస్తాడు. నీ చెవిలో ప్రొడ్యూసర్ లెక్కపెడుతుంటాడు, ఎదురుగా ఇరవై వేల మంది అరుస్తుంటారు, నీకు దొరికేది ఇరవై సెకన్లు. అతన్ని తల గాయం పరీక్షకు తీసుకువెళ్లారా, లేక భుజం పట్టుకొని బెంచి మీద కూర్చున్నాడా? పరీక్షకైతే పదిహేను నిమిషాల గడువు ఎప్పుడు మొదలైంది, బదులుగా వచ్చినవాడు ఎవరు, వాడు ఏ అంచున నిలబడ్డాడు? ఇవి చెప్పాలి. “పాపం చాలా నొప్పిగా ఉన్నట్టుంది” అని చెప్పడానికి నువ్వు అక్కరలేదు, అది తెర మీద అందరికీ కనబడుతూనే ఉంది. కంటితో చూసింది మాత్రమే చెప్పు, ఊహను వార్తగా చెప్పకు, ఎందుకంటే అతని తల్లి ఇంట్లో టీవీ ముందు కూర్చొని నీ మాటే వింటూ ఉంటుంది.

ఆట ముగిశాక అడిగే ప్రశ్న కూడా అంతే. గెలిచినవాణ్ని “ఎలా అనిపిస్తోంది?” అని అడిగితే కుర్రాళ్లంతా బాగా కష్టపడ్డారంటాడు, అక్కడితో సరి. “రెండో సగంలో ఐదో ట్యాకిల్‌కు తన్నడం మానేసి బంతిని ఎడమకు తిప్పారు, అవతలి వింగర్ వెనక్కి జరగడం చూశారా?” అని అడుగు. అతని ముఖం మారుతుంది, నిజంగా మాట్లాడతాడు.

నిన్ను బాధించే సంగతులూ ఉంటాయి. షోలో ఎడిటింగ్ చేసి చూపించిన నీ గొడవ ముక్కను ఎవరో ఒకరు నీ ప్రతి వీడియో కింద పెడతారు. జవాబు చెప్పవద్దు, నీ తరఫున పోట్లాడమని స్నేహితులను పురమాయించవద్దు. బెట్టింగ్ కంపెనీ ఏదైనా ప్రచారానికి పెద్ద మొత్తం ఇస్తానంటే వద్దను. రేపు నువ్వు ఒక జట్టు గురించి మంచి మాట చెప్పినా అది ఎవరి సొమ్ముకు చెప్పావన్న అనుమానం వస్తుంది. ఆటగాళ్లతో పనికి తగినంత స్నేహంగా ఉండు. వాళ్ల వ్యక్తిగత జీవితాల్లో నీ పేరు చేరితే నష్టపోయేది నువ్వే. మగ రిపోర్టర్లకు ఈ శిక్ష అంతగా ఉండదు, అది అన్యాయమే అయినా తెలిసి నడుచుకోవలసినదే. ఏ ఆటగాడి మీదనైనా కేసు నడుస్తుంటే సరదాకి కూడా వ్యాఖ్యానించకు. తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొంటున్న ఆటగాడిని దోషి అని తేలకముందే పక్కన పెట్టే నియమం 2019 నుంచి ఉంది. పక్కన పెట్టినంత మాత్రాన నేరం చేసినట్టు కాదని ప్రసారంలో తడబడకుండా చెప్పగలగాలి. ఇక్కడి పరువునష్టం చట్టం చాలా కఠినమైనది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు, షో వాళ్లతో చేసుకున్న కాంట్రాక్టును ఒక న్యాయవాది చేత చదివించు. వేరే ఛానెల్‌లో కనిపించకూడదన్న గడువు అందులో ఎంత కాలం ఉందో, షో గురించి ఏం మాట్లాడకూడదో తెలియకుండా ఎవరికీ దరఖాస్తు పెట్టకు. గడువు ఉన్నా క్లబ్ మ్యాచ్‌లకు వెళ్లి నోట్సు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కొన్ని ఇంటర్వ్యూలు రికార్డు చేశాక నాకు పంపు. ఎడిట్ చేయకుండా పంపు, నువ్వు ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఏం చేస్తున్నావో నాకు వినబడాలి. విని, ఎక్కడెక్కడ మార్చాలో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను. మీ అమ్మకూ నాన్నకూ నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న