సమాధానం: బాబు మీ యాసకు సిగ్గుపడుతున్నాడా?

అక్కా, సిద్దిపేట నుంచి కూకట్‌పల్లి వచ్చాక మీ పదమూడేళ్ల బాబు "నువ్వు స్కూలుకు రాకు, నీ మాటలకు దోస్తులు నవ్వుతున్నరు" అన్నాడని రాశారు. చదివి మనసు చివుక్కుమంది. మా పెద్దోడు ఇదే వయసులో వాళ్ల నానమ్మను స్నేహితుల కంట పడనిచ్చేవాడు కాదు.

వాడికి మీమీద ప్రేమ పోలేదు, అద్దం మారింది. ఎదుటివాళ్లు మనల్ని ఎలా చూస్తున్నారని అనుకుంటామో, దాన్నిబట్టే మన గురించి మనకొక రూపం ఏర్పడుతుందని చార్లెస్ కూలీ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1902లోనే రాశాడు. ఐదేళ్లప్పుడు ఆ అద్దం మీరు. ఇప్పుడు స్కూలు బస్సులో వెనక సీటు! ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త లెక్కలో 12 నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల అసలు పని "నేనెవరు?" అని తేల్చుకోవడమే. రోజుకో వేషం వేసి చూస్తారు.

మీరు మాత్రం యాస మార్చుకోకండి. మార్చుకుంటే అది సిగ్గుపడాల్సిందేనని మీరే ఒప్పుకున్నట్టు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం అంటూ క్లాసు పీకినా ఎక్కదు (నేను పీకి చూశాను). తీరిగ్గా ఉన్నప్పుడు "ఎవరు నవ్విన్రు, ఏమన్నరు?" అని అడగండి. గుంపుగా ఏడిపిస్తుంటే క్లాస్ టీచర్‌తో మాట్లాడాల్సిందే. అంతదాకా రాకపోతే ఓ ఆదివారం ఆ దోస్తులనే పిలిచి వేడివేడి సర్వపిండి పెట్టండి. మా ఇంట్లో రెండోసారి వాళ్లే అడిగి వచ్చారు, నానమ్మ పక్కనే కూర్చుని తిన్నారు.